బాండు, నాన్-కంపీట్, నోటీస్ పీరియడ్: టెక్నికల్ కొలువుల ఒప్పందాల్లో ఏది చెల్లుతుంది, ఎంతవరకు?

2025 మే 14న సుప్రీంకోర్టు విజయా బ్యాంకు కేసులో తీర్పిచ్చింది. మూడేళ్లు నిండకుండా ఉద్యోగం మానేసిన అధికారి దగ్గర బ్యాంకు రెండు లక్షల బాండు సొమ్ము వసూలు చేయడం తప్పు కాదంది. నెలన్నర తిరగకముందే ఢిల్లీ హైకోర్టు ఇంకో తీర్పిచ్చింది. పాత కంపెనీ క్లయింటు దగ్గర మూడేళ్లదాకా చేరనని ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు రాసిచ్చిన షరతు చెల్లదని చెప్పింది. మొదటిది చదివినవాళ్లు బాండు మీద సంతకం పెడితే ఇక కదల్లేమని భయపడ్డారు. రెండోది చదివినవాళ్లు ఈ కాగితాలన్నీ ఉత్త బెదిరింపులేనని కొట్టిపారేశారు. రెండు మాటలూ తప్పే. ఆ రెండు కేసుల్లో నడిచినవి వేర్వేరు షరతులు, వాటికి వర్తించే సెక్షన్లూ వేరు.

హనుమకొండ, కాజీపేట కాలేజీల్లో క్యాంపస్ ప్లేస్‌మెంట్ల వేళ, మడికొండ ఐటీ పార్కులో చేరేటప్పుడు, కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో మెషీన్ టెక్నీషియన్లకు ఆర్డరు ఇచ్చేటప్పుడు, రామగుండం వైపు ప్రభుత్వరంగ సంస్థల్లో ట్రైనీగా వెళ్లేటప్పుడు చేతికొచ్చేది దాదాపు ఒకే తరహా కాగితం. ఎనిమిది పేజీల్లో ఏడో పేజీ చివర ఉండే ఈ షరతుల్ని విడదీసి చూస్తేనే ఏది గట్టిదో, ఏది డొల్లో తెలుస్తుంది.

ఒక కాగితంలో ఆరు రకాల షరతులు

సర్వీస్ బాండు అంటే ఇన్నాళ్లు పనిచేస్తాను, మధ్యలో వదిలితే ఇంత కడతాను అన్న మాట. నాన్-కంపీట్ అంటే వదిలాక పోటీ కంపెనీలో చేరను, అదే వ్యాపారం పెట్టను అన్నది. నాన్-సొలిసిట్ అంటే పాత కంపెనీ క్లయింట్లను, తోటి ఉద్యోగులను నావైపు లాగను అన్నది. రహస్యాల షరతు, అందరూ ఎన్‌డీఏ అని పిలిచేది, కంపెనీ సమాచారాన్ని బయటపెట్టనన్న హామీ. ఐపీ (మేధోసంపత్తి) క్లాజు ప్రకారం నేను తయారుచేసిన కోడ్, డిజైన్ కంపెనీవే. ఇక ఏకోద్యోగ షరతు: ఇక్కడ పనిచేస్తున్నంత కాలం ఇంకెక్కడా చేయను.

ఏ క్లాజునైనా రెండు ప్రశ్నలతో పరీక్షించవచ్చు. ఇది ఉద్యోగంలో ఉన్నప్పటిదా, వదిలాకటిదా? ఇది నన్ను పనిచేయకుండా ఆపుతోందా, లేక డబ్బు అడుగుతోందా? ఉద్యోగంలో ఉన్నప్పుడు పెట్టే ఆంక్షలకు కోర్టులు చాలావరకు ఒప్పుకుంటాయి. వదిలాక ఆపే ఆంక్షల్ని దాదాపుగా ఒప్పుకోవు. డబ్బు అడిగే షరతు మధ్యరకం. అక్కడ ‘చెల్లుతుందా’ అన్నదానికంటే ‘ఎంతమేరకు’ అన్న ప్రశ్నే అసలుది.

వదిలాక ఆపడం: సెక్షన్ 27

భారత కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. అందులో సెక్షన్ 27 చెప్పేది చిన్న మాటే: ఎవరినైనా చట్టబద్ధమైన వృత్తి, వ్యాపారం చేసుకోకుండా ఆపే ఒప్పందం ఆ మేరకు చెల్లదు. మినహాయింపు ఒక్కటే ఇచ్చారు. వ్యాపారాన్ని దాని గుడ్‌విల్‌తో, అంటే సంపాదించుకున్న మంచిపేరుతో, సహా అమ్మినవాడు, అదే వ్యాపారం ఆ చుట్టుపక్కల పెట్టనని రాసిస్తే అది చెల్లుతుంది. ఉద్యోగి ఏ గుడ్‌విల్లూ అమ్మడు కాబట్టి ఆ మినహాయింపు అతనికి తగలదు.

ఆ సెక్షన్‌ది చిత్రమైన పుట్టుక. ఇంగ్లండ్ కోర్టులు సమంజసమైన ఆంక్షల్ని ఒప్పుకుంటాయి. మన చట్టం రాసినవాళ్లు ఆ దారిని వదిలి, అమెరికాలో డేవిడ్ డడ్లీ ఫీల్డ్ న్యూయార్క్ కోసం తయారుచేసిన ముసాయిదాను తీసుకున్నారు. కాలిఫోర్నియా కూడా అందులోంచే తీసుకుంది. సిలికాన్ వ్యాలీలో నాన్-కంపీట్ చెల్లకపోవడానికీ, ఇక్కడ చెల్లకపోవడానికీ మూలం ఒకటే.

ఒప్పందాల్లో ఈ క్లాజు సాధారణంగా ఇలా ఉంటుంది: “ఉద్యోగి కంపెనీని వదిలిన తేదీ నుంచి 24 నెలలపాటు ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ కంపెనీ క్లయింట్ల వద్ద, లేదా కంపెనీతో పోటీపడే ఏ సంస్థలోనూ చేరరాదు.” ఇందులో ‘వదిలిన తేదీ నుంచి’ అన్న మాటతోనే ఇది సెక్షన్ 27 పరిధిలోకి వెళ్లిపోతుంది. ‘పోటీపడే ఏ సంస్థలోనూ’ అంటే జావా మీద పనిచేసే కుర్రాడికి హైదరాబాదులోని సగం కంపెనీలు మూసుకుపోయినట్టే. వ్యవధి ఆరు నెలలకు తగ్గించినా, ఒక్క నగరానికి పరిమితం చేసినా, ఉద్యోగం ముగిశాక పనిచేయకుండా ఆపేదైతే మన చట్టం ఒప్పుకోదు.

అదే మాట ఉద్యోగ కాలానికి పరిమితమైతే కథ వేరు. 1967లో సుప్రీంకోర్టుకు వచ్చిన సెంచురీ స్పిన్నింగ్ కేసులో ఉద్యోగి కల్యాణ్‌లోని టైర్ కార్డ్ ప్లాంటులో షిఫ్ట్ సూపర్‌వైజరు. అయిదేళ్ల ఒప్పందం రాసి, విదేశీ సంస్థల సాంకేతిక పరిజ్ఞానం మీద శిక్షణ పొంది, గడువు తీరకముందే కోటాలోని పోటీ కంపెనీలో చేరాడు. మిగిలిన గడువులో అక్కడ పనిచేయకుండా ఇచ్చిన నిషేధం సరైనదేనంది కోర్టు. అయిదేళ్ల తర్వాతి కాలం ఆ నిషేధంలో లేదు. కంపెనీల లాయర్లు ఈ తీర్పును ఇప్పటికీ నోటీసుల్లో ఉటంకిస్తుంటారు, ఈ చివరి ముక్క మాత్రం తరచుగా జారిపోతుంది.

1980లో సూపరింటెండెన్స్ కంపెనీ కేసులో, ఉద్యోగం పోయాక రెండేళ్లు అదే పని చేయొద్దన్న షరతును అమలు చేయడానికి సుప్రీంకోర్టు నిరాకరించింది. ముగ్గురు న్యాయమూర్తుల్లో ఒకరు సెక్షన్ 27 కింద అది చెల్లదని విపులంగా రాశారు. మిగతా ఇద్దరు అంత దూరం పోకుండా క్లాజులోని మాటల మీదే తేల్చేశారు. తర్వాత 2006లో క్రికెటర్ జహీర్ ఖాన్‌కూ అతని వ్యవహారాలు చూసిన సంస్థకూ మధ్య నడిచిన కేసులో, ఒప్పందం ముగిశాక కొనసాగే ఆంక్ష చెల్లదని సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. మొదట చెప్పుకున్న 2025 నాటి డాఫొడిల్ సాఫ్ట్‌వేర్ కేసులో ఢిల్లీ హైకోర్టు నడిచిందీ ఆ దారినే. పాత కంపెనీలోనైనా ఉండు, లేదంటే ఖాళీగా కూర్చో అని ఉద్యోగిని ఇరకాటంలో పెట్టడం కుదరదంది.

ఇంకో సంగతి. ఒప్పందం గడువు తీరకముందే మానేసినా, కోర్టు ఎవరినీ ‘వెళ్లి పనిచెయ్’ అని ఆదేశించదు. మనిషి వ్యక్తిగత నైపుణ్యం మీద ఆధారపడిన ఒప్పందాన్ని బలవంతంగా అమలు చేయించడం స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 14 ప్రకారం కుదరదు. వేరే చోట చేయొద్దని మాత్రం, ఆ గడువు మేరకు చెప్పొచ్చు.

బాండు: రాసిన అంకె వేరు, రాబట్టగలిగేది వేరు

బాండు ఎవరినీ ఆపదు, డబ్బు అడుగుతుంది. అందుకే సెక్షన్ 27 దీన్ని నేరుగా తాకదు. ఇక్కడ చూడాల్సింది కాంట్రాక్టు చట్టంలోని సెక్షన్ 74. ఒప్పందం తప్పితే ఇంత కట్టాలని అంకె రాసుకున్నప్పుడు, కోర్టు ఆ అంకెను గరిష్ఠ పరిమితిగా మాత్రమే చూస్తుంది. దానిలోపు ‘సమంజసమైన పరిహారం’ ఎంతో అంతే ఇప్పిస్తుంది. 2015లో కైలాష్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని మరింత స్పష్టం చేసింది: అసలు నష్టమే జరగకపోతే పరిహారం లేదు. నష్టాన్ని లెక్కగట్టి నిరూపించడం సాధ్యం కాని చోట మాత్రం, రాసుకున్న అంకె నిజాయితీగా ముందే వేసిన అంచనా అయితే ఇప్పించవచ్చు.

సిక్‌పా ఇండియా కేసులో (ఢిల్లీ హైకోర్టు, 2011) లెక్క ఎలా వేశారో చూస్తే విషయం చేతికి దొరుకుతుంది. బాండు మూడేళ్లకు, సొమ్ము రెండు లక్షలు. కంపెనీ ఆ ఉద్యోగి శిక్షణకు చేసిన ఖర్చు 67,595 రూపాయలు. అతను రెండేళ్లు పనిచేశాడు, అంటే మూడింట రెండొంతుల ఫలితం కంపెనీకి ముట్టింది. మిగిలిన మూడో వంతుకు 22,532 రూపాయలు ఇప్పించారు.

ఇదే పద్ధతిని మన దగ్గరి ఉదాహరణకు వేద్దాం. కాకతీయ యూనివర్సిటీ పరిధిలో బీటెక్ చేసిన అమ్మాయి ఒక చిన్న కంపెనీలో చేరింది. 24 నెలల బాండు, లక్షా యాభై వేలు. మొదటి మూడు నెలలు శిక్షణ, నెలకు 15,000 స్టైపెండ్. 14 నెలలకు మానేసింది. కంపెనీ దగ్గర రసీదులున్న ఖర్చులు: బయటి ట్రైనరుకు ఆమె వాటా కింద 32,000, సర్టిఫికేషన్ పరీక్ష ఫీజు 8,000. మొత్తం 40,000. మిగిలింది 24లో 10 నెలలు కాబట్టి 16,667 రూపాయలు. ‘శిక్షణలో ఉండగా ఆమె పనేమీ చేయలేదు, స్టైపెండ్ కూడా మా ఖర్చే’ అని కంపెనీ వాదించి నెగ్గిందనుకుందాం. అప్పుడు 85,000 మీద లెక్క, 35,417 రూపాయలు. ఎటు చూసినా లక్షా యాభై వేలకు దూరమే, సున్నా మాత్రం కాదు.

ఈ లెక్కలో కంపెనీలు తడబడేది రుజువు దగ్గర. సీనియర్ పక్కన కూర్చోబెట్టి ప్రాజెక్టు అప్పజెప్పడాన్ని శిక్షణగా చూపిస్తారు. అది ఏ కొలువులోనైనా మామూలుగా జరిగేదే కాబట్టి నిలవడం కష్టం. పని కోసం ఇచ్చిన లాప్‌టాప్ కూడా శిక్షణ ఖర్చు కాదు. ట్రైనరు బిల్లు, హాజరు పట్టిక, పరీక్ష ఫీజు రసీదు, విదేశానికి పంపితే టికెట్, వీసా ఖర్చు వంటివి నిలుస్తాయి. శిక్షణే ఇవ్వకుండా బాండు మాత్రం రాయించుకున్న చోట కంపెనీ వాదన బాగా పలచబడుతుంది.

మరి విజయా బ్యాంకుకు రెండు లక్షలూ ఎలా దక్కాయి? అక్కడ కోర్టు చూసింది శిక్షణ ఖర్చును కాదు, నియామకపు ఖర్చును. ప్రభుత్వరంగ బ్యాంకు ఇష్టమొచ్చినవాళ్లను పిలిచి కూర్చోబెట్టలేదు. ప్రకటన ఇవ్వాలి, పోటీ నడపాలి, అందరికీ సమాన అవకాశం ఇవ్వాలి. మధ్యలో ఒకరు వెళ్లిపోతే ఆ తతంగమంతా మళ్లీ మొదటికి. పైగా ఆయన సీనియర్ మేనేజరు, ఆ జీతానికి రెండు లక్షలు రాజీనామాను అసాధ్యం చేసేంత మొత్తం కాదని కోర్టు భావించింది. కాబట్టి ప్రభుత్వరంగ సంస్థల్లోకి వెళ్లేవాళ్లకు ఈ తీర్పు నేరుగా తగులుతుంది. నెలకు 18,000 ఇచ్చే ప్రైవేటు కంపెనీ, రెండు ఇంటర్వ్యూలతో తీసుకున్న ఫ్రెషర్ మీద ఇదే తీర్పు చూపించి రెండు లక్షలు అడిగితే ఆ పోలిక అంత తేలిగ్గా కుదరదు. అదే తీర్పులో, కంపెనీ తయారుచేసి పెట్టే అచ్చు ఒప్పందాల్లో ఇరుపక్షాల బలం సమానంగా ఉండదని, ఆంక్ష న్యాయమైనదేనని చూపించే బాధ్యత దాన్ని పెట్టినవాళ్లదేనని కూడా రాశారు. ఈ ముక్క వార్తల్లో పెద్దగా కనిపించలేదు.

బాండు సొమ్ము మీద 18 శాతం జీఎస్టీ కూడా కట్టాలని అడిగిన కంపెనీలున్నాయి. బాండు సొమ్ము, నోటీసు రికవరీ జీఎస్టీ కిందికి రావని కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2022 ఆగస్టు 3 నాటి 178వ నంబరు సర్క్యులర్‌లో చెప్పింది.

స్టాంపు పేపరు, జామీను సంతకం, ఖాళీ చెక్కు

హనుమకొండ అదాలత్ దగ్గర వంద రూపాయల స్టాంపు పేపరు తెచ్చి, నోటరీ చేయించి ఇవ్వమంటారు. స్టాంపు వేసినంత మాత్రాన చెల్లని షరతు చెల్లేది కాదు. అలాగని తెల్లకాగితం మీద రాసింది చెల్లకుండా పోదు. స్టాంపు తక్కువైతే సుంకం, జరిమానా కట్టేదాకా సాక్ష్యంగా తీసుకోరు, అంతే. పోర్టల్‌లో ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కినా ఒప్పందమే. ఐటీ చట్టం సెక్షన్ 10ఎ ఎలక్ట్రానిక్ ఒప్పందాన్ని గుర్తిస్తుంది.

బాండు కాగితంలో అసలు బరువు చాలాసార్లు ఆఖరి పేజీలో ఉంటుంది. అక్కడ బాపు సంతకమో, మేనమామ సంతకమో జామీనుదారుగా అడుగుతారు. ‘ఊరికే సాక్షి సంతకమే’ అంటారు గానీ సాక్షి వేరు, జామీనుదారు వేరు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 128 ప్రకారం జామీనుదారు బాధ్యత అసలు బాకీదారు బాధ్యతతో సమానం. కొడుకును వదిలేసి నేరుగా తండ్రికే నోటీసు ఇవ్వొచ్చు. అయితే తర్వాత ఆయనకు చెప్పకుండా బాండు గడువో సొమ్మో పెంచితే, ఆ మార్పు తర్వాతి వ్యవహారాలకు జామీనుదారు బాధ్యత పోతుంది. సెక్షన్ 133 ఇందుకే ఉంది.

అన్నిటికంటే ప్రమాదకరమైనది తేదీ వేయకుండా, అంకె రాయకుండా సంతకం చేసిచ్చే చెక్కు. బాండు గొడవ మామూలుగా సివిల్ వ్యవహారం. చెక్కు బ్యాంకులో వేసి అది తిరిగొస్తే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద క్రిమినల్ కేసు అవుతుంది. రెండేళ్లదాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెండింతలదాకా జరిమానా, లేదా రెండూ. చెక్కు తిరిగొచ్చినట్టు బ్యాంకు చెప్పిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి, అందిన 15 రోజుల్లో సొమ్ము కట్టకపోతే కేసు. సంతకం చేసిచ్చిన ఖాళీ చెక్కును తర్వాత నింపుకున్నా, అది బాకీ కోసమే ఇచ్చినట్టు చట్టం ముందుగా భావిస్తుందని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. దాన్ని కాదని నిరూపించుకునే అవకాశం ఉంది. బాండు కింద ఎంత బాకీయో ఏ కోర్టూ తేల్చనప్పుడు ‘చట్టబద్ధమైన బాకీ’ ఎక్కడిదన్నది అక్కడ చేసే వాదన. కాకపోతే వాయిదాలు తిరుగుతూ చేయాల్సిన వాదన అది.

ఒరిజినల్ మెమోలు, డిగ్రీ పట్టాలు తీసిపెట్టుకోవడం ఇంకో అలవాటు. పట్టా తాకట్టు పెట్టుకునే వస్తువు కాదు. సరిచూసుకుని తిరిగివ్వాలి. చేతికి రసీదు కూడా ఇవ్వకుండా పెట్టుకున్నప్పుడే, తర్వాత ‘మా దగ్గర లేవు’ అన్న మాట వచ్చేది.

నోటీస్ పీరియడ్: చట్టం కంటే రిలీవింగ్ లెటర్ పెద్దదైన చోటు

తొంభై రోజుల నోటీసు ఇప్పుడు ఐటీలో మామూలైపోయింది. నోటీసు పూర్తిచేయకపోతే ఆ రోజుల జీతం కట్టాలన్న షరతు సాధారణంగా నిలుస్తుంది, ఎందుకంటే అది ఉద్యోగ కాలానికి సంబంధించినది, లెక్కా స్పష్టం. చూసుకోవాల్సింది ఆ లెక్క బేసిక్ మీదా, మొత్తం జీతం మీదా అన్నది. నెలకు 50,000 జీతంలో బేసిక్ 25,000 అయితే, 45 రోజుల లోటుకు మొదటి లెక్కన 37,500, రెండో లెక్కన 75,000. ‘బైఅవుట్‌కు ఒప్పుకోవడం, అంటే మిగిలిన రోజులకు డబ్బు కట్టించుకుని వదిలేయడం, కంపెనీ ఇష్టం’ అని రాసుకుంటే, డబ్బు కడతానన్నా ఉద్యోగం నుంచి విడుదల చేసినట్టు రాసిచ్చే రిలీవింగ్ లెటర్ ఇవ్వకుండా సాగదీస్తారు.

అసలు చిక్కు ఇదే. నాన్-కంపీట్ కోర్టులో చెల్లకపోవచ్చు, బాండు సొమ్ము పావువంతుకు తగ్గిపోవచ్చు. కానీ కొత్త కంపెనీ హెచ్‌ఆర్ అడిగేది కోర్టు తీర్పు కాదు, పాత కంపెనీ రిలీవింగ్ లెటర్. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ‘విడుదల కాలేదు’ అన్న ఒక్క మాటకు ఆఫర్ ఆగిపోతుంది. కాబట్టి చాలామంది చెల్లని షరతుకు కూడా డబ్బు కట్టేస్తారు.

2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లు దీన్ని కొంత మారుస్తాయి. నియామక పత్రం ఇవ్వడం తప్పనిసరి అయ్యింది. రాజీనామా చేసినవాళ్లకు రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలని వేతన కోడ్ చెబుతోంది. ‘ఫుల్ అండ్ ఫైనల్ 45 రోజులకు’ అన్న పాత అలవాటుకు ఇది పడదు. జీతంలోంచి ఏమేం కోయొచ్చో కోడ్‌లో జాబితా ఉంది, మొత్తం కోత సగం జీతం దాటకూడదు. ఆ జాబితాలో ‘బాండు జరిమానా’ అని పేరు పెట్టిన పద్దు లేదు. అడ్వాన్సుల వసూలుకు మాత్రం చోటుంది, అందుకే శిక్షణ ఖర్చును ‘ట్రైనింగ్ అడ్వాన్సు’ అని రాసుకునే ఒప్పందాలు ఉంటాయి. రిలీవింగ్ లెటర్ ఎన్ని రోజుల్లో ఇవ్వాలన్న మాట మాత్రం కోడ్‌లో లేదు.

పీఎఫ్ సొమ్మును బాండు బాకీ కింద పట్టుకోవడానికి వీల్లేదు. చివరి చందా పడిన రెండు నెలల తర్వాత, కంపెనీ ‘ఎగ్జిట్ డేట్’ వేయకపోయినా ఉద్యోగి పీఎఫ్ పోర్టల్‌లో తానే వేసుకోవచ్చు.

తలలో ఉన్న పనితనం, పెన్‌డ్రైవ్‌లో ఉన్న ఫైలు

రహస్యాల షరతు ఉద్యోగం వదిలాక కూడా నిలుస్తుంది. ఇది పని చేయకుండా ఆపడం లేదు, కంపెనీ సొత్తును మోసుకుపోకుండా ఆపుతోంది. అయితే ఏది రహస్యం? పైథాన్ రావడం, స్పిన్నింగ్ మెషీన్ శబ్దాన్ని బట్టి లోపం పట్టగలగడం ఉద్యోగి పనితనం. ఆ కంపెనీ వాడే రంగుల మిశ్రమం నిష్పత్తి, క్లయింటుకు ఇచ్చిన ధరల పట్టిక, సోర్స్ కోడ్ రహస్యాలు. మధ్యలో బూడిదరంగు చోటు చాలానే ఉంది. దేశంలో వాణిజ్య రహస్యాలకు ప్రత్యేక చట్టం లేదు. 2024 మార్చిలో లా కమిషన్ 289వ నివేదికలో ఒకటి కావాలని సిఫారసు చేసింది.

చిక్కుల్లో పడేది ఎక్కువగా ఆఖరి వారంలో. ‘నేను రాసిన కోడే కదా’ అని సొంత జీమెయిల్‌కు పంపుకుంటారు, డ్రైవ్‌లోకి ఎక్కించుకుంటారు. కంపెనీ సర్వర్‌లో ఆ జాడ ఉంటుంది. అనుమతి లేకుండా డేటా కాపీ చేసుకోవడం ఐటీ చట్టం సెక్షన్ 43 కిందికి, దురుద్దేశం తోడైతే సెక్షన్ 66 కిందికి వస్తుంది. రెండోదానికి మూడేళ్లదాకా జైలు, అయిదు లక్షలదాకా జరిమానా. బాండు గొడవలో బలహీనంగా ఉన్న కంపెనీకి ఈ ఒక్క ఈమెయిల్ దొరికితే చాలు, బేరం తిరగబడుతుంది.

ఇంట్లో రాసిన యాప్ ఎవరిది?

కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం, ఉద్యోగంలో భాగంగా రాసిన కోడ్‌కు తొలి యజమాని కంపెనీయే. వేరే ఒప్పందం ఉంటే తప్ప. ఉద్యోగంలో ‘భాగంగా’ రాయడం వేరు, ఉద్యోగం ‘చేస్తున్న కాలంలో’ రాయడం వేరు. చాలా ఐపీ క్లాజులు రెండో మాట వాడి, రాత్రి ఇంట్లో సొంత లాప్‌టాప్ మీద రాసింది కూడా కలిపేసుకుంటాయి.

ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి ధరలు రోజూ రైతుల ఫోన్లకు పంపే యాప్ ఒకటి ఓ కుర్రాడు ఫైనల్ ఇయర్‌లో మొదలుపెట్టాడనుకుందాం. చదువు అయ్యాక బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాడు, సాయంత్రాలు యాప్ పెంచుకుంటూ పోయాడు. చట్టం ప్రకారం అది అతనిదే. అతను సంతకం చేసిన ఒప్పందంలో ‘ఉద్యోగ కాలంలో తయారుచేసినవన్నీ కంపెనీవి’ అని ఉంటే, చేరాక రాసిన భాగం మీద తగాదాకు చోటు దొరుకుతుంది. ఇలాంటి ఒప్పందాల చివర ‘ముందే ఉన్న ఆవిష్కరణల జాబితా’ అని ఒక ఖాళీ పట్టిక ఉంటుంది. నూటికి తొంభైమంది దాన్ని గీత కొట్టి వదిలేస్తారని ఏ హెచ్‌ఆర్‌ను అడిగినా చెబుతారు. అతను అక్కడ యాప్ పేరు, తేదీ రాసి ఉంటే కనీసం అప్పటిదాకా ఉన్న భాగంపై గొడవే ఉండదు. ఆ పని కంపెనీ లాప్‌టాప్ మీద చేసి ఉంటే మాత్రం అతని వాదన బాగా సన్నబడుతుంది.

పేటెంట్ల లెక్క వేరు. ఉద్యోగి కనిపెట్టింది దానంతటదే కంపెనీది కాదు, రాతపూర్వకంగా బదిలీ చేయాలి. ఫ్రీలాన్సరు రాసిన కోడ్ కూడా అంతే. బదిలీ పత్రంలో గడువు రాయకపోతే కాపీరైట్ చట్టం సెక్షన్ 19 దాన్ని అయిదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితంగా లెక్కిస్తుంది.

మూన్‌లైటింగ్ సంగతి క్లుప్తంగా చెప్పొచ్చు. ఉద్యోగం చేస్తూ రెండో కొలువు చేయొద్దన్న షరతు చెల్లుతుంది. 2022లో విప్రో 300 మందిని తీసేసింది ఈ కారణంతోనే. పీఎఫ్ ఖాతాలో ఒకే నెలకు రెండు కంపెనీల చందాలు పడితే దాచడం కుదరదు. నాన్-సొలిసిట్ విషయంలో కోర్టుల మాట ఒక్కతీరుగా లేదు. పాత క్లయింట్లకు ఫోన్లు చేసి లాగడం తప్పవుతుంది గానీ, పత్రికలో ఉద్యోగ ప్రకటన చూసి పాత సహోద్యోగి తనంతట తాను వస్తే దాన్ని లాగడం అనడం కష్టం.

కంపెనీలు ఏమంటాయి, ఉద్యోగులు ఏమంటారు

చిన్న పట్టణాల కంపెనీల బాధ ఉత్తది కాదు. వరంగల్‌లో ఫ్రెషర్‌ను తీసుకుని ఆరు నెలలు నేర్పిస్తే, పని వచ్చిన వెంటనే హైదరాబాద్ కంపెనీ రెట్టింపు జీతంతో ఎత్తుకుపోతుంది. నేర్పే ఖర్చు ఒకరిది, ఫలితం ఇంకొకరిది. బాండు లేకపోతే ఫ్రెషర్లను తీసుకోవడమే మానేసి, అనుభవం ఉన్నవాళ్లనే చూసుకుంటామంటారు. లా కమిషన్ కూడా 1958లో తన 13వ నివేదికలో సెక్షన్ 27ను సడలించి సమంజసమైన ఆంక్షల్ని అనుమతించాలని సూచించింది. ప్రభుత్వాలు ఆ పని చేయలేదు.

ఉద్యోగుల వైపు మాట: బాండు ఉన్నంత కాలం జీతం పెంచాల్సిన అవసరం కంపెనీకి ఉండదు. ఆఫర్ లెటర్‌లో లేని బాండు, చేరిన రోజు కాగితాల మధ్య బయటపడుతుంది. అప్పటికి మిగతా ఆఫర్లు వదులుకుని ఉంటారు, సంతకం చేయక ఏం చేస్తారు? ఈ రెండు వాదనల్లో మొదటిది నిజంగా శిక్షణ ఇచ్చిన కంపెనీలకే వర్తిస్తుంది. తొలి నెల నుంచే క్లయింటుకు బిల్లు వేస్తూ, బాండు కూడా రాయించుకునేవాళ్లకు కాదు.

అమెరికాలోనూ ఇది తెగని పంచాయితీయే. 2024లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నాన్-కంపీట్లను దేశమంతటా రద్దు చేయబోతే టెక్సస్ కోర్టు కొట్టేసింది, 2025 సెప్టెంబరులో కమిషన్ అప్పీలు విరమించుకుంది. హెచ్-1బీ మీద కన్సల్టెన్సీల ద్వారా వెళ్లే మనవాళ్లకు తగిలే నియమం వేరే ఉంది: ముందే మానేసినందుకు జరిమానా వసూలు చేయకూడదు, నిజమైన నష్టపరిహారం మాత్రం తీసుకోవచ్చు. ఏది ఏదన్నది అక్కడి రాష్ట్ర చట్టం తేలుస్తుంది.

కేసు ఎక్కడ పడుతుంది

ఒప్పందం చివర ‘వివాదాలన్నీ బెంగళూరు కోర్టుల పరిధిలోనే’ అన్న వాక్యం ఉంటుంది. దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. హనుమకొండలో ఉండి వర్క్ ఫ్రం హోం చేసినవాడు ఇక్కడి కోర్టుకే వెళ్లొచ్చనుకుంటాడు. 2025 ఏప్రిల్‌లో హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు ఉద్యోగుల కేసులో సుప్రీంకోర్టు, ప్రైవేటు ఉద్యోగ ఒప్పందాల్లో కూడా ఇలాంటి షరతు చెల్లుతుందంది. ఒక్క షరతు: ఆ నగరపు కోర్టుకు అసలంటూ ఆ వివాదం మీద అధికారం ఉండాలి. పాట్నాలో పనిచేసిన ఉద్యోగి ముంబై కోర్టుకు వెళ్లాల్సి వచ్చింది.

కోర్టుకు బదులు ఆర్బిట్రేషన్ (ప్రైవేటు మధ్యవర్తి తీర్పు) అని రాసి, ఆర్బిట్రేటరును కంపెనీయే నియమిస్తుందనే ఒప్పందాలూ ఉన్నాయి. వివాదంలో ఉన్న పక్షమే ఏకైక ఆర్బిట్రేటరును ఏకపక్షంగా పెట్టకూడదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి ఆ నియామకాన్ని సవాలు చేయొచ్చు. బాండు సొమ్ము కోసం దావా వేయడానికి కంపెనీకి ఒప్పందం తప్పిన రోజు నుంచి మూడేళ్ల గడువుంటుంది. నోటీసులు పంపుతూ పోయినంత మాత్రాన ఆ గడువు పెరగదు. చెక్కు కేసు మాత్రం ఒప్పందంలో ఏ ఊరు రాశారన్న దాన్ని బట్టి ఉండదు. చెక్కును తన ఖాతాలో వేసుకున్న కంపెనీ బ్యాంకు బ్రాంచి ఏ ఊళ్లో ఉంటే కేసు అక్కడే నడుస్తుంది.